హద్దులు రాయని దస్తావేజుకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ సమ్మతి పత్రం గారి దివ్య సముఖమునకు,

పేషెంట్ తాలూకు మనిషి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. కానీ మీ విషయంలో ఆ మాట నప్పదు. మీరు కనబడ్డారంటేనే మా ఇంట్లో ఎవరికో కుశలం లేదని లెక్క. మీ కుశలానికి మాత్రం ఢోకా లేదని ఫైలు లావు చూస్తేనే తెలిసింది.

మనకి పరిచయమైంది గుంటూరులో, రాత్రి పదింటికి. ఆస్పత్రి పేరెందుకు లెండి, ఎక్కడ చూసినా మీ మొహం ఒకటే. మా నాన్నకి 74 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లు. మర్నాడు పొద్దున్న ఆపరేషన్. ఆ సాయంత్రం బిల్లింగ్ కౌంటర్లో కుర్రాడు నాకు అరగంట క్లాసు తీసుకున్నాడు. షేరింగ్ రూమయితే ఇంత, సింగిల్ రూమయితే ఇంత, రూము మారితే మిగతా చార్జీలూ మారతాయి, గ్లవ్స్‌కీ దూదికీ ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వరు. కాలిక్యులేటర్ నా వైపు తిప్పి మరీ చూపించాడు. "డౌట్లుంటే అడగండి సార్" అని రెండుసార్లు అన్నాడు. నేను అడిగాను కూడా. బీకాం అయ్యాక నాకు ఎవరైనా ఏదైనా అంత ఓపిగ్గా చెప్పడం అదే.

తర్వాత తమరు వేంచేశారు. అట్టకి క్లిప్పు, క్లిప్పుకి దారం, దారానికి పెన్ను. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అంది సిస్టర్. లేచి నిలబడ్డాను. "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ." ఆవిడ వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. డూడూ బసవన్న కూడా తల ఊపేముందు సన్నాయి వింటాడు, నేను అదీ వినలేదు. గ్లవ్స్ డబ్బులకి అరగంట పట్టింది, కడుపు కోయడానికి అర నిమిషం చాలింది.

చిక్కల్లా ఏమిటంటే, మంచం మీద ఉన్నాయన దస్తావేజు లేఖరి. పొన్నూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ముప్ఫై ఏళ్లు పెట్టె ముందేసుకుని కూర్చున్న మనిషి. పేపర్లో టెండరు నోటీసులు కూడా వదలడు. ఆ పేపరు దించి, "ఏమిట్రా అది?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా. ఫార్మాలిటీ."

"కడుపు ఎవరిది?"

"మీదే."

"మరి సంతకం నీదెందుకురా? ఎవరి ఆస్తి ఎవడు రాసిస్తున్నాడు?"

అట్ట అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని తమర్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆయన సర్వీసులో చదివి వినిపించకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. 'చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకొని' అని రాసేవాడు, రాశాడు కాబట్టి చదివేవాడు. ఎకరా అమ్ముకునే ముసలమ్మకి వేలిముద్ర వేయించేముందు, ఆ అమ్మకం తాలూకు డబ్బు ఎంత ముట్టిందో ఆవిడ నోటితోనే చెప్పించేవాడు.

తమర్ని చదవడం మాత్రం అంత సులువు కాలేదు. జెరాక్సుకి జెరాక్సు తీసీ తీసీ సగం అక్షరాలు కాటికి కాళ్లు చాపుకుని ఉన్నాయి. తెలుగు పేజీ ఉంది, కాదనను. దాన్ని తెలుగులోకి ఎవరైనా మారిస్తే బాగుండును. 'సదరు ప్రక్రియ యొక్క సంభావ్య ఉపద్రవములు నాకు అర్థమగు భాషలో వివరింపబడినవి' అన్న వాక్యం నాకు అర్థమయ్యే భాషలో లేదు. ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఖాళీ. డాక్టరు పేరు దగ్గర ఖాళీ. "ఖాళీలు వదిలి సంతకాలు పెట్టించేవాణ్ణి మా ఆఫీసు గేటు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లం కాదమ్మాయ్" అన్నాడు నాన్న. సిస్టర్ నవ్వింది. అసలు ఘట్టం ఆ తర్వాత వచ్చింది. రక్తస్రావము, చీము పట్టుట, పిత్తనాళమునకు గాయము, మరణము వగైరా.

నాన్న కళ్లజోడు తీశాడు. "మరణం తర్వాత వగైరా ఏముంటుందమ్మా?"

పాపం ఆ అమ్మాయికి ఏం తెలుసు. ఆ రాత్రి పద్నాలుగు మంచాలకి ఆవిడ ఒక్కతే. "పొద్దున డాక్టరుగారినే అడగండి తాతగారూ" అని, నా సంతకాలున్న కాగితం పట్టుకుపోయింది.

తమ వంశం గొప్పదని విన్నాను. 1890లలో నైసర్ అనే జర్మనీ డాక్టరు సిఫిలిస్ మీద పరిశోధన అంటూ, వేశ్యావృత్తిలో ఉన్న ఆడవాళ్లకి ఒక్క మాట చెప్పకుండా సూదులు పొడిచాడు. గొడవై, ప్రష్యా ప్రభుత్వం 1900లో, మనిషికి చెప్పి, ఒప్పించి గానీ ప్రయోగం చేయొద్దని ఉత్తర్వు ఇచ్చింది. 1931లో జర్మనీ ఇంకా గట్టి నియమాలు రాసుకుంది. ఆ నియమాలు అమల్లో ఉన్న దేశంలోనే నాజీ డాక్టర్లు ఖైదీల మీద ఏం చేశారో లోకానికి తెలుసు. 1947లో నురెంబర్గ్ కోర్టు వాళ్లకి శిక్షలు వేస్తూ పది సూత్రాలు రాసింది, అందులో మొదటిది మనిషి సొంత ఇష్టంతో ఇచ్చే సమ్మతి. అంటే తమరు పుట్టింది కత్తి పట్టినవాడి నుంచి మమ్మల్ని కాపాడటానికి. ఇప్పుడు తమరు ఎవరి బీరువాలో, ఎవరి లాయరు కోసం కాపురం ఉంటున్నారో వేరే చెప్పాలా?

నాన్న ఆ రాత్రి నిద్రపోలేదు. "దీనికి హద్దులేవిరా?" అని ఒకటే గొడవ. పొలం రాస్తే తూర్పున ఫలానావారి చేను, పడమర పంటకాలవ అని నాలుగు దిక్కులూ రాస్తారు. ఇందులో 'అవసరమైన ఇతర ప్రక్రియలు' అని ఉందట. "అంటే గట్టు ఎక్కడిదాకా?"

గట్టు దాటిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల ఆవిడ ఒకరు లాపరోస్కోపీతో, అంటే పొట్టకి చిన్న చిల్లు పెట్టి గొట్టంతో లోపల చూసే పద్ధతిలో, పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకుని బల్ల ఎక్కింది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. 2008లో తీర్పు వచ్చింది. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి చెల్లదు, ప్రాణం మీదికి రానప్పుడు మతిస్థిమితం ఉన్న మేజరు బదులు తల్లి ఒప్పుకున్నా చెల్లదు అని. పరిహారం 25,000 రూపాయలు. మా వైపు ఆ డబ్బుకి ఇంటి స్థలం గజం వచ్చే ఊళ్లున్నాయి, రాని ఊళ్లూ ఉన్నాయి.

ఖమ్మం జిల్లా సంగతి నాన్నకి ఆ రాత్రే చెప్పి తప్పు చేశాను. 2009లో భద్రాచలం వైపు 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్రం తాలూకు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. టీకా మీద నాకు పేచీ లేదు, మంచి టీకాయే. తర్వాత జరిగిన కొన్ని మరణాలకీ దానికీ సంబంధం కనబడలేదని విచారణ సంఘమే చెప్పింది. నా పేచీ తమరితో. ఆ సంఘం 9,543 సమ్మతి పత్రాలు తిరగేస్తే 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు, తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని కడిగేసింది.

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "మైనరు పేరున అరెకరం ఉంటే, అమ్మాలంటే కన్నతండ్రి కూడా కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి. పిల్ల భుజానికి వార్డెన్ సంతకం సరిపోయిందా?" పక్క మంచం పెద్దాయన "కాస్త లైటు తీయండి బాబూ" అనేదాకా ఊరుకోలేదు.

2011లో పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లని హైదరాబాద్ తీసుకెళ్లి క్యాన్సర్ మందు పరీక్షించిన గొడవ కూడా ఆయనకి గుర్తే, అది మా జిల్లా వార్త. సంతకాలు ఉన్నాయి, డబ్బు ముట్టింది. ఇలాంటివి పెరిగాక, 2013లో మందుల ప్రయోగాల్లో సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలని కేంద్రం ఆదేశించింది. నాన్న పెదవి విరిచాడు. "మా ఆఫీసులోనూ ఫొటో తీస్తారు. అప్పు ఫొటోలో పడదు, ఆకలి పడదు."

సరే, తప్పంతా తమరిదేనంటే నా కళ్లు పోతాయి. మా పెద్దత్తకి క్యాన్సర్ అని ఊరంతా తెలుసు, ఆవిడకి తప్ప. "ఆవిడకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అని చేతులు పట్టుకున్నది మేమే. గ్యాస్ ట్రబుల్ అని చెప్పి ఆరు కీమోలు ఎక్కించాం. ప్రతిసారీ సంతకం మామయ్యది. నాలుగోసారి అనుకుంటా, దువ్వెన చేతిలో పట్టుకుని అడిగింది, "గ్యాస్‌కి జుట్టెందుకు ఊడుతుందిరా?" నేను ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లిపోయాను.

తమరు నిజంగా సోకు చేసుకుని తిరిగేది మాత్రం అందం ఆస్పత్రుల్లో. అక్కడ జెరాక్సు వేషం లేదు, ట్యాబ్‌లో రంగురంగులుగా దర్శనమిస్తారు. పక్కనే ఈఎంఐ. మా బావమరిది కొడుకు పెళ్లికి ముందు హైదరాబాద్‌లో తల మీద 3,000 గ్రాఫ్టులు, అంటే జుట్టు మొలకలు, నాటించుకున్నాడు. వరి నాట్లకి కూడా అన్ని పోసుకోలు కబుర్లు ఉండవు. 'ఐ అగ్రీ' నొక్కాడు, ఓటీపీ కొట్టాడు. నెలన్నరకి వాడి బట్టతల, ముందు ఇలా తర్వాత అలా అంటూ రీల్‌లో ప్రత్యక్షమైంది. దానికి మొదటి లైకు కొట్టింది పెళ్లికూతురి మేనమామ. వీడు క్లినిక్ మీదికి వెళ్తే తమరినే తెరిచి చూపించారట. పద్నాలుగో క్లాజు, ప్రచారానికి ఫొటోలు వాడుకోవచ్చునని. సమ్మతి ఉంది మరి! జుట్టు నాటడం వర్క్‌షాపుల్లోనూ యూట్యూబులోనూ చూసి మొదలుపెట్టేయకండి అని జాతీయ వైద్య కమిషన్ 2022లో డాక్టర్లకే చెప్పాల్సి వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పే క్లాజు తమలో ఎన్నో నంబరు?

2016లో హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎత్తు పెరగాలని రెండు కాళ్ల ఎముకలూ కోయించుకున్నాడు. అప్పటికే 5 అడుగుల 7 అంగుళాలు ఉన్నాడని పత్రికలు రాశాయి. కొడుకు కనబడక వెతుక్కున్న అమ్మానాన్నలకి ఆస్పత్రి మంచం మీద దొరికాడు. అతను మేజరు. సంతకం అతనిదే, వార్డెనుదో తల్లిదో కాదు. నాన్న పెట్టిన పరీక్షలన్నీ ఆ కాగితం నెగ్గుతుంది. అయినా నాకు మింగుడుపడదు. పొట్టిగా ఉన్నావని వాడికి చిన్నప్పటినుంచీ ఎవరెవరు చెప్పారో వాళ్లందరి సంతకాలూ సాక్షుల కాలమ్‌లో ఉండాల్సింది.

మర్నాడు ఏడింటికి సర్జన్ వచ్చాడు. రాత్రి సంగతి సిస్టర్ చెప్పినట్టుంది, నవ్వుతూనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మందుల చీటీ వెనక కాలేయం గీశాడు, దాని కింద చిన్న సంచీ గీశాడు, రాళ్లు చుక్కలుగా పెట్టాడు. నాలుగు చిల్లులతో చేస్తాం, లోపల అతుక్కుపోయి ఉంటే పొట్ట కోయాల్సి రావచ్చు, అలా కోస్తే ఇంకో నాలుగైదు రోజులు ఉండాలి. నాన్న పెన్ను తీసుకుని, ఆ బొమ్మ చుట్టూ నాలుగు గీతలు గీసి, "ఇదీ హద్దు. దీని అవతల చెయ్యి పెట్టాలంటే ప్రాణం పోయేటట్టు ఉంటేనే. సరేనా?" అన్నాడు. సర్జన్ సరే అన్నాడు. మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. నా సంతకాలు కొట్టేసి నాన్న తన సంతకం పెట్టాడు. సంచీ బయటికొచ్చింది, రాళ్లు డబ్బాలో పోసి ఇచ్చారు.

డిశ్చార్జి రోజున నాన్న తమరి నకలు అడిగాడు. అలా ఇవ్వం అన్నారు కౌంటర్లో. పేషెంటు అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది, నేను ఫోన్లో చూపించాను. నాన్న అప్పటికే తెల్లకాగితం మీద అర్జీ రాసేశాడు. మూడో రోజున నకలు వచ్చింది.

వరండాలో కూర్చుని, ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివాడు. 'పేషెంటుకు వివరించిన సమయం' దగ్గర రాత్రి 9.40 అని ఉంది, డాక్టరు వచ్చింది పొద్దున ఏడింటికి. సాక్షి దగ్గర ఎవరిదో సంతకం ఉంది, ఆ గదిలో మేమెవరం చూడని మనిషిది. నాన్న ఏమీ అనలేదు. మడత విప్పి, అడుగున మార్జిన్‌లో ముప్ఫై ఏళ్ల అలవాటు ప్రకారం రాశాడు. కొట్టివేతలు మూడు. ఖాళీలు రెండు. దస్తూరి ఎవరిదో తెలియదు. రాసి, సర్జన్ గీసిన మందుల చీటీతో కలిపి పొలం కాగితాల పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఇట్లు,
పేషెంట్ తాలూకు
(సంతకం ఒక్కచోటే)