కొండకు కరెంటు బస్సు, ఊరికి డీజిల్ పొగ

తిరుపతిలో అలిపిరి దగ్గర యాత్రికుల కోసం ఆగిన టెంపో ట్రావెలర్లను చూడండి. ఏసీ పోతుందని ఇంజిన్ ఆపరు. డ్రైవరు లోపల కునుకు తీస్తుంటాడు. పొగగొట్టం పక్కనే టీ బండి, దాని చుట్టూ జనం. వాళ్లలో చాలామందికి అది ఉత్త కంపు. ఎలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం రాత్రికి పిల్లికూతలు.

‘డస్ట్ ఎలర్జీ’ అనేసి నేరమంతా ఇంటి దుమ్ము మీద వేయడం మనకు అలవాటైంది. దుప్పట్లు ఉతుకుతాం, పరుపులు ఎండేస్తాం, రోడ్డు జోలికి పోము. పుప్పొడి ఎలర్జీని రేపితే, డీజిల్ మసి దాన్ని రెట్టిస్తుంది. ఆ సన్నటి రేణువులు శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీసి వాపు తెస్తాయి, ఎలర్జీకి మూలమైన ఐజీఈ ప్రతిరక్షకాలను పెంచుతాయి. నిన్న నాలుగు తుమ్ములతో వదిలిపోయిన పుప్పొడే ఇవాళ ఆయాసం తెప్పించవచ్చు. వానలు పడగానే ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ (పార్థీనియం) కలుపు పూసే ఊరు మనది.

లండన్‌లో ఆస్తమా ఉన్న 60 మందిని ఒకరోజు డీజిల్ బస్సులు, ట్యాక్సీలు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, మరో రోజు హైడ్ పార్కులో రెండేసి గంటలు నడిపించి చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వీధిలో నడిచినప్పుడు వాళ్ల ఊపిరితిత్తుల సత్తా 6 శాతం దాకా పడిపోయింది. విచిత్రమేమంటే ఆ సంగతి వాళ్లకే పెద్దగా తెలియలేదు. ఆయాసం లేదు కదా అని ధీమాగా తిరిగేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తిరుమలకు 2022 సెప్టెంబరులో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. సంతోషం. ఏడుకొండల గాలి బాగుండాల్సిందే. కానీ కింద లీలామహల్ సెంటరులో, బస్టాండు చుట్టూ రోజంతా నిలబడే పూలమ్మి, ట్రాఫిక్ కానిస్టేబులు పీల్చేదీ గాలే కదా! 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛవాయు కార్యక్రమంలోని గాలి చెడ్డ ఊళ్ల జాబితాలో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. అంతమాత్రాన ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. ఊరి సగటు వేరు, పొగగొట్టం పక్క గాలి వేరు.

ఆగిన బండి ఇంజిన్ ఆపించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. అలిపిరి, బస్టాండు, రుయా ఆసుపత్రి, బడుల ముందు బోర్డులు పెట్టి, వినని వాళ్లకు జరిమానా వేయాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ కాగితాన్నే కాదు, బండి వదిలే పొగనూ చూడాలి. వయ్యారిభామను నగరపాలక సంస్థ పూత రాకముందే పీకించాలి.