బెల్లం తింటే బొగ్గు దుమ్ము పోదు: విశాఖ పోర్టు మెసేజ్‌కు నా జవాబు

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి మేనకోడలి పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా. "విశాఖ పోర్టును చంపేస్తున్నారు, ప్రతి తెలుగువాడూ చదవాలి" అని మొదలవుతుంది. మధ్యలో ఏడు పాయింట్లు. పర్యావరణం పేరుతో పోర్టులో జరుగుతున్న పనులన్నీ ఆపేయమని కేంద్రానికి రాసిన అర్జీ, సంతకం పెట్టి పది గ్రూపులకు పంపమన్న ఆజ్ఞ చివర్లో. మొదట్లో చూసీ చూడనట్టు వదిలేశాను. పంపినవాళ్లలో పోర్టు మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు. కానీ బొగ్గు దుమ్ముకు బెల్లమే మందని చెప్పే మూడో పాయింటు ఉన్న ఆ మెసేజ్‌ను మా పెదనాన్న కొడుకే పంపేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి పాయింటు: "2021 చట్టంతో పోర్టును ప్రైవేటుకు అమ్మేశారు." అమ్మలేదు. 1963 నాటి పోర్టు ట్రస్టుల చట్టం పోయి మేజర్ పోర్టు అథారిటీల చట్టం వచ్చింది. ట్రస్టు కాస్తా అథారిటీ అయింది. నేల, ఛానెల్, హార్బరు ఆ అథారిటీ చేతిలోనే ఉన్నాయి, అథారిటీ కేంద్రం కిందే ఉంది. ఓడలు ఆగి సరుకు దించే బెర్తులను కొన్నేళ్ల ఒప్పందం మీద ప్రైవేటుకు ఇవ్వడం 2021లో మొదలైన పని కాదు, మన కంటైనర్ టెర్మినల్ 2003 నుంచే అలా నడుస్తోంది. ఆ చట్టం చేసిన ఇంకో పని మెసేజ్‌లో ఎక్కడా లేదు. అంతకుముందు మేజర్ పోర్టుల, అంటే కేంద్రం కింద ఉన్న పెద్ద పోర్టుల రేట్లను ఢిల్లీ నియమించిన టారిఫ్ సంస్థ ఖరారు చేసేది. పక్కనే ఉన్న ప్రైవేటు పోర్టు గంగవరం తన రేటు తను పెట్టుకుని బేరమాడుతుంటే విశాఖ పోర్టు చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చేది. ఆ కట్లు విప్పింది ఈ చట్టమే. బోర్డును చిన్నది చేశారు, కార్మికుల మాట వినబడకుండా పోతుందేమో అని ఎవరికైనా భయముంటే ఆ చర్చకు నేనూ వస్తాను. అది వేరు, పోర్టు అమ్ముడుపోయిందని పుకారు పుట్టించడం వేరు.

రెండో పాయింటు: "హరిత్ సాగర్ రూల్స్ వల్ల సరుకంతా పక్క పోర్టులకు పోతోంది, విశాఖ ఎండిపోతోంది."

హరిత్ సాగర్ అంటే పోర్టుల్లో కాలుష్యం తగ్గించడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు. 2023 మే నెలలో వచ్చాయి. టన్ను సరుకుకు వెలువడే కార్బన్‌ను 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గించాలి. 2030కి పోర్టు వాడే కరెంటులో 60 శాతానికి పైగా సౌర, పవన విద్యుత్తు లాంటిదే కావాలి. యంత్రాలు, బండ్లలో సగానికి పైగా కరెంటుతో నడవాలి. అవి వచ్చిన ఆ ఆర్థిక సంవత్సరం, అంటే 2023-24లోనే విశాఖ పోర్టు 8 కోట్ల టన్నులు దాటించింది. అప్పటికి తొంభై ఏళ్ల చరిత్రలో అదే రికార్డు. ఎండిపోవడం అంటే ఇదా?

గంగవరానికి సరుకు పోయిన మాట నిజమే. ఎప్పటి నుంచి? 2009లో అది తెరిచినప్పటి నుంచి. కారణం లోతు. మన ఇన్నర్ హార్బర్ 1933లో మొదలైంది. కొండ పక్క నుంచి ఇరుకు ఛానెల్‌లో ఓడను లోపలికి తేవాలి. లక్షన్నర టన్నుల సరుకు నింపుకున్న కేప్‌సైజ్ ఓడ అందులోకి రాలేదు. 1976లో ఔటర్ హార్బర్ కట్టింది పెద్ద ఓడల కోసమే. గంగవరం మొదటి రోజు నుంచే లోతుగా కట్టుకున్న పోర్టు. ఓడ కెప్టెన్ అడుగున ఎంత నీరుందో చూస్తాడు, ఒడ్డున ఎన్ని మొక్కలు నాటారో చూసి దారి మార్చుకోడు.

అయితే ఈ పాయింటులో ఒక్క ముక్క నన్ను ఆలోచనలో పడేసింది. "రూల్స్ మనకేనా, పక్కవాళ్లకు లేవా" అని ఉంది. ఇది న్యాయమైన ప్రశ్న. హరిత్ సాగర్ రాసింది కేంద్రం కింద ఉన్న మేజర్ పోర్టుల కోసం. గంగవరం, కృష్ణపట్నం రాష్ట్ర మారిటైమ్ బోర్డు కిందకు వస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి షరతులు అందరికీ ఉన్నా, ఈ లక్ష్యాలు మాత్రం ఒకరికే రాశారు. ఒకే తీరంలో, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఒకే బొగ్గు దించే రెండు పోర్టులకు రెండు కొలబద్దలు ఉండకూడదు. ఈ మాట రాసినవాళ్లతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే దీనికి మందు పక్కవాళ్లకూ అవే రూల్స్ పెట్టమనడం. మనకున్నవి తీసేయమని అడగడమేమిటి?

ఇక మూడో పాయింటు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "బొగ్గు దుమ్ము వల్ల ఎవరికీ ఏమీ కాదు. పాత కళాసీలు రోజూ బెల్లం ముక్క తినేవారు, దుమ్మంతా కడుపులోంచి కొట్టుకుపోయేది. షెడ్లు, కన్వేయర్లు అంటూ వందల కోట్లు దండగ."

పీల్చిన దుమ్ము నేరుగా కడుపులోకి పోదు. ముక్కులోంచి గాలిగొట్టంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం వెళ్లే దారి వేరు, దుమ్ము వెళ్లే దారి వేరు. ముతక దుమ్మును ముక్కు, గొంతు ఆపుతాయి, కఫంలో కొంత బయటికొస్తుంది. వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా లేని సన్నటి నలుసు గాలితిత్తుల అడుగుదాకా దిగిపోతుంది. దాన్ని మింగి బయటపడేయాలని చూసే కణాలు అక్కడే చచ్చిపోతాయి, ఆ చోటు మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన ఊపిరితిత్తి మళ్లీ సాగదు. బొగ్గు గనుల కార్మికులకు వచ్చే నల్ల ఊపిరితిత్తుల జబ్బు ఇదే. బయటి గాలిలోని నలుసులు క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే తేల్చింది.

బెల్లం మాట గాలిలోంచి పుట్టలేదు, అదీ ఒప్పుకుంటాను. లక్నోలో 1994లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల్లోకి దుమ్ము ఎక్కించిన ఎలుకలకు బెల్లం పెడితే నలుసులు కొంత మెరుగ్గా కదిలాయని రాశారు. అంతవరకే. ఇరవై ఏళ్లు బొగ్గు కుప్పల మధ్య పనిచేసిన మనిషిని బెల్లం కాపాడుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు. షెడ్డు కట్టకుండా బెల్లం పంచమని అంతకన్నా చెప్పలేదు.

మా పెదనాన్న ఆ ఇరవై ఏళ్లు పనిచేసినవాడు. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. సాయంత్రం పని దిగేటప్పుడు మేస్త్రి వరసలో నిలబెట్టి తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. మాస్కు ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. పెదనాన్న ఆ ముక్కను సగం తిని, సగం చొక్కా జేబులో దాచి మాకు తెచ్చేవాడు. జేబు అడుగున నల్లటి పొడి అంటుకుని ఉండేది, మేము ఊదుకుని తినేవాళ్లం. యాభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి మేడ మెట్లు నాలుగెక్కి కూర్చుండిపోయేవాడు. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడదని గోడకు చేరగిలబడి కూర్చునే నిద్రపోయేవాడు. పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేది, పని మానేసిన మూడేళ్ల తర్వాత కూడా. ఆయన కొడుకు నాకు ఈ మెసేజ్ పంపాడు. ఫోన్ చేస్తే, "ఒరేయ్ తమ్ముడూ, చదవకుండా పంపేశాన్రా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అందుకే ఈ పాయింటు రాసిన మహానుభావుణ్ని అడుగుతున్నాను. పోర్టు పక్కనే ఉన్న జ్ఞానాపురంలో, కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక్క వేసవి ఉండి చూశారా? మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక కిటికీ ఊచ మీద వేలు పెట్టి లాగి చూశారా? మేడ మీద వడియాలు ఎండబెట్టుకోలేని ఇల్లాలితో ఎప్పుడైనా మాట్లాడారా? అక్కడి పిల్లలకు కూడా బెల్లమే పెట్టమంటారా? మీ పిల్లలకు పెడతారా?

ఊరి దుమ్మంతా పోర్టుదే అని నేను అనను. రోడ్లు, టిప్పర్లు, ఫ్యాక్టరీలు, కట్టడాలు అన్నీ ఉన్నాయి. రెండు వైపులా కొండలున్న గిన్నెలాంటి ఊరు మనది, లేచిన దుమ్ము తొందరగా పోదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడే గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల్లో విశాఖ ఉంది. ఇందులో పోర్టు చేయగలిగింది కళ్లముందే ఉంది. కుప్పను కప్పు కిందకు తేవాలి. లారీ బదులు మూసిన కన్వేయర్ వాడాలి. వ్యాగన్‌ను యంత్రంతో నింపాలి, చక్రాలు కడిగాకే టిప్పర్‌ను గేటు దాటించాలి. ఈ పనులనే దండగ అంటున్నారు. పైగా గాలికి లేచిపోయే బొగ్గు, వానకు కొట్టుకుపోయే ఎరువు దిగుమతిదారు డబ్బిచ్చి కొన్న సరుకు. కప్పితే లాభం అతనికీ ఉంది.

నాలుగో పాయింటు: "ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వడం పిచ్చిపని, ఓడ జనరేటరే శుభ్రం." 2020 నుంచి మన బండిలో పోసే పెట్రోలు, డీజిల్‌లో గంధకం 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది, మించకూడదు. అదే ఏడాది ప్రపంచమంతా ఓడలకు తగ్గించిన కొత్త పరిమితి అర శాతం, అంటే 5,000 పీపీఎం. అయిదు వందల రెట్లు. బెర్తులో కట్టేసిన ఓడ రోజుల తరబడి ఆ ఇంజన్ నడుపుతూనే ఉంటుంది, వన్‌టౌన్‌కు కూతవేటు దూరంలో. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంటే ఎక్కువ కదా అంటే, అవును, అందుకే పోర్టు సొంత సౌర విద్యుత్తు పెంచాలి. 2030 నుంచి యూరప్ ప్రధాన పోర్టుల్లో కంటైనర్ ఓడలు, ప్రయాణికుల ఓడలు ఒడ్డు కరెంటే వాడాలి. ఆ ప్లగ్గుతో ఓడలు తయారవుతుంటే మన దగ్గర సాకెట్ లేకుండా కూర్చోవాలా?

అయిదు: "డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌ను కూడా అమ్మేశారు." పోర్టుల్లో పూడిక తీసే సంస్థ అది. 2019లో కేంద్రం తన 73.47 శాతం వాటాను నాలుగు మేజర్ పోర్టులకు అమ్మింది. వాటిలో ఎక్కువ వాటా కొన్నది విశాఖ పోర్టే. ప్రైవేటుకు పోలేదు.

ఆరు: విహార ఓడల కోసం కట్టిన క్రూయిజ్ టెర్మినల్ దండగట. కావచ్చు, కాకపోవచ్చు. బొగ్గు షెడ్డుకు దానికి సంబంధం లేదు.

ఏడు: "ఆర్కే బీచ్ కోత ప్రకృతి పని, పోర్టుకేం సంబంధం?" మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ అడ్డుగోడలు దాన్ని దారిలో ఆపుతాయి. అందుకే ఆగిన ఇసుకను తవ్వి పైపులతో బీచ్‌కు తోలించే పని పోర్టు నెత్తిన ఉంది. సంబంధం లేకపోతే ఆ ఖర్చు ఎందుకు పెడుతున్నట్టు?

ఇక అర్జీ సంగతి. ఉన్నది ఉన్నట్టుగా దాని మీద నా సంతకం పెట్టను. అందులో పనులు ఆపమన్న వాక్యం కొట్టేసి మూడు కోర్కెలు రాయండి. మేజర్ పోర్టుకైనా, రాష్ట్రం కింది పోర్టుకైనా ఒకే హరిత లక్ష్యాలు, చట్టంతో. కప్పిన షెడ్లకు, మూసిన కన్వేయర్లకు, కొత్తవలస-కిరండూల్ లాంటి సరుకు రైలు మార్గాలకు కేంద్రం నుంచి డబ్బు. జ్ఞానాపురంలో నలుగురికీ కనబడే చోట గాలి లెక్క చూపించే బోర్డు, రోజూ, తెలుగులో. ఈ మూడూ రాసి పంపండి. మొదటి సంతకం నాది, రెండోది మా అన్నయ్యది.