ఓత్ అక్టోబర్ 6న పడితే ఓటు ఎప్పుడు?

టెక్సస్‌లో ఓటరుగా పేరు రాయించుకోడానికి ఈసారి ఆఖరి రోజు 2026 అక్టోబర్ 5, సోమవారం. మిడ్‌టర్మ్ (ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికలు) పోలింగ్ నవంబర్ 3న. మరి అక్టోబర్ 6న అమెరికా సిటిజన్‌షిప్ ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తీసుకునే మన తెలుగువాళ్ల సంగతేంటి అంటే, వాళ్లకి ఈ ఎన్నికల్లో ఓటు లేదు, అంతే. పోలింగ్‌కి ఇంకా 28 రోజులు ఉంటాయి, నాచురలైజేషన్ సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, దేశం నువ్వు మావాడివే అని చెప్పేసి ఉంటుంది, కానీ బూత్‌లోకి మాత్రం రానివ్వరు. ఇది అన్యాయం అని మేము అనుకుంటున్నాం.

ఎందుకంటే ఓత్ డేట్ ఎవరూ తమంతట తాము పెట్టుకునేది కాదు. సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఎన్-400 వేస్తాం, వేలిముద్రలు ఇస్తాం, ఇంటర్వ్యూకి పిలుస్తారు, సివిక్స్ ప్రశ్నలు అడుగుతారు, పాస్ అయ్యాక కొన్ని చోట్ల అదే రోజు ఓత్ అయిపోతుంది, కొన్ని చోట్ల వారాల తరబడి లెటర్ కోసం ఎదురుచూడాలి. ఆ లెటర్‌లో ఏ తేదీ ఉంటే ఆ తేదీకి వెళ్లడమే. ఒకే ఆఫీసులో ఒకే వారం ఇంటర్వ్యూ అయిన ఇద్దరిలో ఒకరికి సెప్టెంబర్ ఆఖర్లో ఓత్ పడి ఓటు రావచ్చు, ఇంకొకరికి అక్టోబర్ రెండో వారంలో పడి ఓటు పోవచ్చు, ఇద్దరూ చేసిన పని మాత్రం ఒక్కటే. 2020లో అయితే కోవిడ్ వల్ల మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా ఓత్ సెరిమనీలే ఆపేశారు, అది ప్రెసిడెంట్ ఎన్నికల సంవత్సరం, అప్పుడు లైన్‌లో ఆగిపోయినవాళ్ల టెన్షన్ చాలా ఇళ్లలో ఇంకా గుర్తుండే ఉంటుంది.

అసలు మనవాళ్లు అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో బయటివాళ్లకి చెప్తే నమ్మరు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి, హెచ్-1బి వర్క్ వీసా లాటరీ దాటి, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పెర్మ్, ఐ-140 అయ్యి, ఆ తర్వాత క్యూలో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్ ఎప్పుడు కదులుతుందా అని ప్రతి నెలా వీసా బులెటిన్ చూసుకుంటూ కూర్చోవాలి, గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం మించకూడదు అనే రూల్ వల్ల ఇండియా క్యూ అలా పెరుగుతూనే ఉంది. గ్రీన్ కార్డ్ వచ్చాక మామూలుగా ఇంకో అయిదేళ్లు. యూనివర్సిటీకి వచ్చినప్పుడు ఇరవై రెండేళ్లున్న అబ్బాయికి మొదటి ఓటు వేసేసరికి నలభై దాటడం మన దగ్గర మామూలు విషయం అయిపోయింది. ఇన్నేళ్లూ ట్యాక్సులు కడుతూనే ఉన్నాడు, పిల్లలు ఇక్కడి స్కూళ్లలోనే చదువుతున్నారు. అలాంటి మనిషిని ఒక్క రోజు తేడాతో ఇంకో ఎన్నిక దాకా ఆగమనడం చిన్న విషయం ఏమీ కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఓత్ తీసుకున్న క్షణం నుంచి ఇండియా సిటిజన్‌షిప్ పోతుంది, మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెప్పేది అదే. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన భారతీయులకి ఇచ్చే కార్డు) తెచ్చుకున్నా దాంతో ఓటు రాదు. అంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఓటు ఆరోజే పోయినట్టు, డాలస్‌లో రావాల్సిన ఓటు ఇంకా రానట్టు. ఒక ప్రజాస్వామ్యం నుంచి బయటికి వచ్చేశారు, రెండోది గుమ్మం దగ్గరే ఆపేసింది. తాత్కాలికమే అయినా ఇది బాధగానే ఉంటుంది, మనసు పెట్టి ఆలోచిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

అయితే దీనికి దారి లేదా అంటే, ఉంది, వేరే రాష్ట్రాల్లో ఎప్పుడో వేశారు. నార్త్ కరోలినాలో రిజిస్ట్రేషన్ గడువు పోలింగ్‌కి 25 రోజుల ముందు, కానీ ఆ గడువు తర్వాత కొత్తగా సిటిజన్ అయినవాళ్లు పోలింగ్ రోజే వెళ్లి రిజిస్టర్ చేసుకుని ఓటు వేయొచ్చు అని అక్కడి చట్టంలోనే రాసుంది. కేరీ, మోరిస్‌విల్ వైపు ఉండే మన కుటుంబాలకి అందుకే ఈ ఇబ్బంది లేదు. మసాచుసెట్స్‌లో కూడా గడువు దాటాక సిటిజన్ అయినవాళ్లకి పోలింగ్ ముందు రోజు దాకా టైమ్ ఇస్తారు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఇల్లినాయ్, మిన్నెసోటా లాంటి చోట్ల పోలింగ్ రోజే ఎవరైనా రిజిస్టర్ చేసుకోవచ్చు కాబట్టి అక్కడ సమస్యే రాదు. టెక్సస్, జార్జియా, ఒహాయో లాంటి చోట్లే దాదాపు నెల ముందు తలుపు మూసేస్తారు.

టెక్సస్ చట్టంలోనే ఒక మాట ఉంది, మా వాదనంతా దాని మీదే. పద్దెనిమిది నిండకపోయినా, 17 ఏళ్ల 10 నెలలు వచ్చిన పిల్లలు ముందే అప్లికేషన్ పెట్టుకోవచ్చు, పోలింగ్ రోజుకి పద్దెనిమిది నిండితే చాలు. మంచి రూల్, దాన్ని మేము మెచ్చుకుంటాం. పుట్టినరోజు గడువు తర్వాత వచ్చిందని ఆ పిల్లాడికి ఓటు పోకూడదు అని వాళ్లు ఆలోచించారు కదా, మరి ఓత్ డేట్ గడువు తర్వాత వచ్చిందని వాళ్ల నాన్నకి మాత్రం ఎందుకు పోవాలి? ఓత్ అవ్వకముందే అప్లికేషన్ పెట్టనివ్వండి అని మేము అడగట్లేదు, అది తప్పు, నేరం కూడా. ఓత్ అయ్యాక, సర్టిఫికెట్ చూపించి, కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకునే వీలు పోలింగ్ దాకా ఇవ్వండి అని మాత్రమే అడుగుతున్నాం.

లిస్టులు తయారు చేయడానికి టైమ్ కావాలి, దొంగ ఓట్లు పడతాయి అనే మాట వస్తుంది. లిస్టుల పని నిజంగానే పెద్ద పని, కౌంటీ ఉద్యోగుల కష్టాన్ని మేము తక్కువ చేయట్లేదు. కానీ సిటిజనా కాదా అనే అనుమానం అందరికంటే తక్కువ ఉండాల్సింది వీళ్ల మీదే, ఎందుకంటే నిన్నగాక మొన్నే ఫెడరల్ ప్రభుత్వం వేలిముద్రల దగ్గర నుంచి ట్యాక్స్ కాగితాల దాకా అన్నీ చూసి మరీ సర్టిఫికెట్ ఇచ్చింది.

అనుమానంతో మొదలుపెడితే ఏమవుతుందో టెక్సస్ 2019లోనే చూసింది. ఆ జనవరిలో సుమారు 95 వేల మంది ఓటర్లు సిటిజన్లు కాకపోవచ్చు అని రాష్ట్ర అధికారులు ఒక లిస్టు బయటపెట్టారు, తీరా చూస్తే అందులో చాలామంది గ్రీన్ కార్డ్ మీద డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని, తర్వాత సిటిజన్ అయ్యి, చట్టప్రకారం ఓటు రాయించుకున్నవాళ్లే. కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాష్ట్రం ఆ లిస్టు వెనక్కి తీసుకుంది, రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ మే నెలలో పదవి వదిలేశారు. అందుకే ఓత్ అయ్యాక సోషల్ సెక్యూరిటీ రికార్డు, లైసెన్స్ రికార్డు రెండూ మార్పించుకోండి, వాయిదా వేయకండి.

2025 ఆగస్టులో వచ్చిన ఇంకో మార్పు కూడా మమ్మల్ని కలవరపెట్టింది. అంతకుముందు ఓత్ సెరిమనీ దగ్గర లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ లాంటి సంస్థల వాలంటీర్లు టేబుల్ వేసుకుని అక్కడికక్కడే ఓటరు రిజిస్ట్రేషన్ ఫామ్ నింపించేవాళ్లు. సిటిజన్‌షిప్ ఇచ్చే ఫెడరల్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఇప్పుడు సెరిమనీల్లో రాష్ట్ర, లోకల్ ఎన్నికల అధికారులకి మాత్రమే ఆ అవకాశం అంటోంది. వాళ్లు వస్తే సరే, రాకపోతే? కొత్త సిటిజన్ చేతిలో జెండా, సర్టిఫికెట్ పట్టుకుని, ఫోటోలు దిగి, లంచ్‌కి వెళ్లిపోతాడు, ఫామ్ సంగతి గుర్తొచ్చేసరికి రెండు వారాలు గడిచిపోతాయి. యూఎస్‌సీఐఎస్ కనీసం ఎన్నికల ఏడాది సెప్టెంబర్‌లో సెరిమనీలు పెంచాలి, రాష్ట్రాల గడువులు చూసుకుని డేట్లు వేయాలి.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. టెక్సస్‌లో మామూలుగా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేసేటప్పుడు తప్ప. ఫామ్ ప్రింట్ చేసి, పెన్నుతో సంతకం పెట్టి, కౌంటీకి పంపాలి, మా మాట వింటే పోస్ట్‌లో వేయకుండా స్వయంగా వెళ్లి ఇచ్చి రండి. కౌంటీ దగ్గర ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్లు కూడా ఫామ్ తీసుకోవచ్చు. మన తెలుగు సంఘాల్లో సిటిజన్లైన వాళ్లు పదిమంది ఆ ట్రైనింగ్ తీసుకుంటే ఎంత బాగుంటుంది! మామూలుగా ఇలాంటి పనులు బతుకమ్మకి, దసరాకి పెట్టుకుంటారు, కానీ ఈ ఏడు అధిక మాసం వల్ల దసరా అక్టోబర్ 20న వచ్చింది, అప్పటికి గడువు అయిపోతుంది. అందుకని సెప్టెంబర్ 14 వినాయక చవితికే పందిరి పక్కన టేబుల్ వేయండి. ఆ టేబుల్ దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ సిటిజనేనా అని ముందు అడగండి, హెచ్-1బి, గ్రీన్ కార్డ్ వాళ్లు పొరపాటున కూడా సంతకం పెట్టకూడదు, లైసెన్స్ కౌంటర్‌లో ఓటరుగా చేరతారా అనే గడిలో తొందరలో ఒక టిక్ పెట్టినా రేపు ఎన్-400 తిరస్కరించే ప్రమాదం ఉంది, డిపోర్టేషన్ దాకా కూడా పోవచ్చు.

పేర్ల సంగతి ఇంకొకటి. ఇంటిపేరు, పేరు అంతా పాస్‌పోర్ట్‌లో ఒకే గడిలో పడి, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదు) అని వచ్చినవాళ్లు మనలో చాలామంది. సిటిజన్‌షిప్‌తో పాటు పేరు మార్చుకోవాలంటే జడ్జి ముందు జరిగే సెరిమనీకే వెళ్లాలి, దానికి ఇంకొంచెం ఎక్కువ ఆగాల్సి రావచ్చు. ఏళ్ల తరబడి విసిగించిన పేరుని సరిచేసుకోవద్దని మేము చెప్పం, గడువు మాత్రం చూసుకుని నిర్ణయించుకోండి.

రిజిస్ట్రేషన్ గడువు న్యూజెర్సీ వాళ్లకి పోలింగ్‌కి 21 రోజుల ముందు అంటే అక్టోబర్ 13, పెన్సిల్వేనియాకి 15 రోజుల ముందు, అక్టోబర్ 19. టెక్సస్ లెజిస్లేచర్ 2027 జనవరిలో కూర్చుంటుంది, నవంబర్ ఎన్నికలు అవ్వగానే బిల్లులు ముందుగా దాఖలు చేసుకోవచ్చు, నార్త్ కరోలినా చట్టం లాంటి బిల్లు ఒకటి పెట్టమని మీ ప్రతినిధికి ఫోన్ చేయండి, ఓటు ఉన్నవాళ్లు లేనివాళ్ల తరఫున కూడా అడగండి. అక్టోబర్ 5 దాటాక ఓత్ పడినవాళ్లు కూడా ఫామ్‌ని అదే వారం ఇచ్చేయండి, 2027 మే 1న చాలా ఊళ్లలో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు ఉంటాయి, వాటికి గడువు ఏప్రిల్ 1.