అధ్యక్ష పదవికి కందిరీగ అర్హతలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘానికి అధ్యక్షుడంటే బరువున్న మనిషి అయి ఉండాలి. బరువంటే పలుకుబడి అనుకునేరు, కిలోలే. సంక్రాంతికి స్టేజీ మీద సింహాసనంలాంటి కుర్చీ వేస్తాం, అందులో ఖాళీ మిగలకూడదు. 58 కిలోల నేను నిరుడు పోటీకి దిగితే "ముందు కాస్త తినండి సార్" అన్నారు.

ఈ ఆచారానికి శాస్త్రం మద్దతు ఉందో లేదో తేల్చే బాధ్యత నా మీద పడింది. అదృష్టం కొద్దీ మా యుటిలిటీ బాల్కనీ గ్రిల్లుకి కందిరీగలు గూడు పెట్టాయి. ఎండు పీచు నమిలి, ఉమ్మితో కలిపి కట్టిన కాగితం గూడు. కాఫీ గ్లాసుతో నిలబడి చూశాను. ఒకటి పురుగు ముద్ద కరుచుకుని వచ్చి వాలింది. తీరిగ్గా కూర్చున్న ఇంకోటి లేచి దాని నెత్తికెక్కింది. వచ్చింది తల వంచి, మీసాలు దించి, ముద్ద అప్పగించేసింది. మా వంటల కమిటీ గుర్తొచ్చింది.

యూరప్ కందిరీగల్లో ఈ పెత్తనం వరసని 1940లలో ఇటలీ శాస్త్రవేత్త లియో పార్ది పట్టుకున్నాడు. రెండు మూడు ఆడవి కలిసి గూడు మొదలెట్టి, కొట్టుకుని వరస తేల్చుకుంటాయి. పైదాని అండాశయాలు పెరుగుతాయి, కిందవాటివి చిక్కిపోతాయి. అయినా ఏదైనా తెగించి గుడ్డు పెడితే పైది తినేస్తుంది. ఒళ్లు పెద్దదైతే లాభమే, కానీ గ్యారంటీ లేదు. సరే, ఇంతవరకు మా సంఘం పరువు దక్కింది.

కొంప ముంచింది మన బెంగళూరు కందిరీగే. ఇక్కడి ఐఐఎస్‌సీ అనే సైన్సు పరిశోధన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ రొపాలిడియా మార్జినేటా అనే జాతిని, ఒక్కోదాని ఒంటి మీద రంగు చుక్కలు పెట్టి మరీ, దశాబ్దాల తరబడి చూశారు. కూర్చునేవి, కొట్లాడేవి, మేతకి తిరిగేవి అని మూడు రకాలు తేలాయి. రాణి ఏ రకం? కూర్చునేది! దాదాపు ఎవరి జోలికీ పోదు. పొట్టని గూటికి రాస్తూ వాసన పూస్తుంది, ఆ వాసనే దాని జీవో. గుడ్లన్నీ తనవే. ఒళ్లు చూసి రాణిని పోల్చుకోలేం. రాణిని తీసేస్తే నిమిషాల్లో ఒకే ఒక్క కూలీ కందిరీగ చెలరేగి అందరినీ కొట్టడం మొదలెడుతుంది. వారం రోజుల్లో గుడ్లకి దిగి, మెల్లగా తనూ సాధువైపోతుంది. ఆ వారసురాలు ఎవరో సైజు చూసి చెప్పలేం, దెబ్బలాటలు చూసీ చెప్పలేం. వాటికి మాత్రం ముందే తెలుసు.

ఇదంతా జనరల్ బాడీలో చదువుదామని రాసుకున్నాను. ఈలోగా అధ్యక్షులవారు మనవణ్ని చూడ్డానికి డాలస్ బయల్దేరారు. ఫ్లైట్ ఫోటో వాట్సాప్‌లో పడిన పది నిమిషాలకి, ఆరేళ్లుగా దండం బొమ్మ తప్ప ఏమీ పెట్టని బీ బ్లాక్ ట్రెజరర్ మేడంగారు వరసగా నాలుగు వాయిస్ మెసేజీలు వదిలారు. చందా బాకీల జాబితా, ఫ్లాట్ నంబర్లతో సహా. మూడో మెసేజీలో నేనున్నాను. గ్రూపులో ఒక్కరూ కిక్కురుమనలేదు. నేను నిలబడ్డచోటే ఫోన్‌లో డబ్బు కట్టి, స్క్రీన్‌షాట్ పెట్టి, కింద "సారీ మేడం" అని రాశాను.