అడవీ పోయె, వరీ రాకపోయె

పొలం కావాలంటే అడవి కొట్టాల్సిందే, మన తాతలు చేసిందీ అదేగా అనేవాళ్లు ఒక్కసారి ఇండోనేషియాలోని మధ్య కాలిమంతాన్ సంగతి తెలుసుకోవాలి. బియ్యం లోటు తీరాలంటే అక్కడి చిత్తడి అడవిని వరి పొలం చేయాలని 1995లో అధ్యక్షుడు సుహార్తో నిర్ణయించారు. మొత్తం 10 లక్షల హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 25 లక్షల ఎకరాలు. చెట్లు కొట్టేశారు, 4 వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు, జావా నుంచి రైతు కుటుంబాలను తెచ్చి దింపారు. వరి పండలేదు. సుహార్తో గద్దె దిగాక పథకం మూతపడింది, కాలువలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

చిక్కంతా ఆ కాలువలతోనే. వేల ఏళ్లుగా రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్లు నీళ్లలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుపోయిన నేల అది. పీట్ అంటారు. కొన్నిచోట్ల 10 మీటర్లు తవ్వినా అసలు మట్టి తగలదు, పైగా వరి తట్టుకోలేనంత ఆమ్లం. నీళ్లు నిలిచినంతకాలం అందులోని కార్బన్ కదలదు. కాలువ తవ్వి నీళ్లు బయటికి వదిలేస్తే నేల ఎండుతుంది, కుంగుతుంది, ఏళ్ల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది, ఇక కరువు ఏడాదిలో ఎవరైనా నిప్పు పెట్టారో, మంట పైకి కనపడకుండా లోపల కుంపటిలా రాజుకుంటూ వారాల తరబడి పొగ చిమ్ముతుంది, గట్టి వాన పడితే తప్ప ఆరదు.

పసిఫిక్ సముద్రం వేడెక్కి ఇండోనేషియాకి వానలు ఎగ్గొట్టే ఎల్‌నినో వచ్చిన 1997లో జరిగింది ఇదే. ఆ ఏడాది ఇండోనేషియా మంటల నుంచి లేచిన కార్బన్, ప్రపంచమంతా బొగ్గు, పెట్రోలు, గ్యాస్ తగలేసి ఏడాదిలో వదిలేదాంట్లో 13 నుంచి 40 శాతమని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంచనాలో తేడా ఎక్కువే, కానీ చిన్న అంకె తీసుకున్నా గుండె గుభేలుమంటుంది. 2015లో మళ్లీ 26 లక్షల హెక్టార్లు కాలాయి, మధ్య కాలిమంతాన్‌లోని పాలంకరాయ నగరంలో ఆకాశం పసుప్పచ్చగా మారి బడులు మూసేశారు, పొగ సింగపూర్ దాకా పోయింది, నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు తేల్చింది.

బుద్ధి వచ్చిందా? 2020లో అదే మధ్య కాలిమంతాన్‌లో మళ్లీ ఆహార పథకం మొదలుపెట్టి అప్పటి రక్షణ మంత్రి ప్రబోవోకి అప్పగించారు. అక్కడి గునుంగ్ మాస్ జిల్లాలో అడవి కొట్టి వేసిన కర్రపెండలం సరిగ్గా ఎదగనే లేదు. ఇప్పుడు ఆయనే అధ్యక్షుడు, పాపువాలోని మెరౌకేలో వరికీ చెరకుకీ లక్షల హెక్టార్లు చదును చేసే పని నడుస్తోంది.

వాళ్ల అడవి, వాళ్ల ఖర్మ అనుకుందామంటే మన వంటింట్లో పామాయిల్ ఉంది, ఆ దేశంలో దాని తోటలు చాలా వరకు ఇలా అడవి కొట్టి వేసినవే. మిర్చి బజ్జీ బండి దగ్గర్నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా అదే నూనె. ప్రపంచంలో దీన్ని అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే, అందులో పెద్ద వాటా ఇండోనేషియాది. దాన్ని నిషేధించమని మేం అనం. ఎకరానికి పామాయిల్ ఇచ్చినంత నూనె సోయా ఇవ్వదు, మానేస్తే ఇంకోచోట అంతకంటే ఎక్కువ అడవి పోతుంది. మేం అడిగేది ఒక్కటే: నూనె ఏ తోట నుంచి వచ్చిందో చెప్పమనండి. యూరప్ 2023లో ఇలాంటి చట్టం చేసి అమలును వాయిదా వేస్తూ వస్తోంది. మన ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని ఎన్నోసార్లు మార్చింది, అదే సుంకంలో అడవి నరకని నూనెకు కొంత తగ్గింపు ఇస్తే వ్యాపారులే కాగితాలు పట్టుకుని వస్తారు.

మన ఇంటి సంగతీ చూసుకోవాలి. పశ్చిమ గోదావరి, అశ్వారావుపేట వైపు తోటలు చాలావరకు అంతకుముందే సాగులో ఉన్న భూముల్లో వేసినవి, వాటితో చిక్కు అవి తోడేసే భూగర్భ జలాలతోనే. కానీ 2021లో 11,040 కోట్లతో కేంద్రం మొదలుపెట్టిన పామాయిల్ మిషన్ కళ్లు ఈశాన్యం మీద, అండమాన్ మీద ఉన్నాయి. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనె పాడవుతుంది, అందుకే మిల్లు ఎక్కడ పెడితే దాని చుట్టూ తోటలు చిక్కగా పడాల్సిందే. కొండల్లో మిల్లుకు అనుమతి ఇచ్చేముందు చుట్టుపక్కల ఏ భూమి ఖాళీగా ఉందో, ఏది అడవో మ్యాపు బయటపెట్టాలి, దాన్ని అక్కడి గ్రామసభల ముందు ఉంచాలి.