నాలుగో గినీ పిగ్ ఎవరి కోసం?

ఎలుక, ఉడుతల కోవకు చెందిన చిన్న పెంపుడు జంతువు గినీ పిగ్. అవి మూడున్న ఇంట్లో నాలుగోదాన్ని తెచ్చుకోవాలన్న ఆలోచన ఎప్పుడు పుడుతుందో నాకు బాగా తెలుసు. అన్నీ సవ్యంగా ఉన్న రోజున పుడుతుంది. ఎండుగడ్డి సంచి చప్పుడు వినగానే మూడూ ఒక్కసారిగా కుయ్యిమంటూ, ముందు కాళ్లు బోను అంచుకు ఆనించి నిలబడతాయి. వాటిలో ఒకటి ఉన్నట్టుండి నాలుగు కాళ్లూ నేల విడిచి ఎగిరి, గాల్లోనే ఒళ్లు మెలితిప్పి దిగి, ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతుంది. మూడింటితోనే ఇంత సందడి ఉంటే ఇంకొకటి వస్తే ఎలా ఉంటుందో అనిపిస్తుంది. ఎవరో పెంచలేక ఇచ్చేస్తామంటున్న పిల్ల ఫొటో సరిగ్గా ఆ వారంలోనే కంటబడుతుంది.

ఆ కోరికను నేను తప్పుపట్టను. కానీ అది మన కోరిక. గుంపు పెంచాలా వద్దా అన్న ప్రశ్న రాగానే చాలామంది చోటు గురించి, ఖర్చు గురించి లెక్కలు వేస్తారు. ఆ లెక్కలు అవసరమే. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: కొత్తది రావడం వల్ల ఇప్పుడున్న వాటిలో ఏ ఒక్కదాని బతుకైనా మెరుగవుతుందా? ఇదిగో దీని కోసం అని వేలు పెట్టి చూపించగలిగితే తెచ్చుకోవచ్చు. చూపించలేకపోతే ఆగాలన్నది నా అభిప్రాయం.

ఒంటరి గినీ పిగ్ విషయంలో వాదనకు తావే లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో మనుషులు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్న జంతువు ఇది. దాని అడవి బంధువులు ఇప్పటికీ ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసిన చిన్న గుంపులుగా బతుకుతాయి. స్విట్జర్లాండ్‌లో 2008లో అమల్లోకి వచ్చిన జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం కుదరదు, తోడు ఉండి తీరాలి. అందుకే ఒకటి నుంచి రెండుకు వెళ్లడాన్ని గుంపు పెంచడం కింద లెక్కకట్టను. అది బాకీ తీర్చడం. రెండు నుంచి మూడుకు వెళ్లడానికీ గట్టి కారణమే ఉంది. ఒకటి పోయిన రోజున మిగిలింది ఏకాకి కాకుండా ఉంటుంది. మూడు నుంచి నాలుగుకు వెళ్లేందుకు మాత్రం అంత బలమైన కారణం అరుదుగా కనిపిస్తుంది. రెండు జట్టుకట్టి మూడోదాన్ని ఎప్పుడూ దూరం పెడుతుంటే, వెలి పడిన ఆ మూడోదాని కోసం నాలుగోదాన్ని తేవడం న్యాయమే. అయితే అంతకుముందు గడ్డి రెండు మూడు చోట్ల వేసి, దాక్కునే గూళ్లు పెంచి, నీళ్ల సీసా ఇంకొకటి కట్టి చూడాలి. చాలాసార్లు తగవు గడ్డి కుప్ప దగ్గరిదే అయి ఉంటుంది.

గుంపులో ఆడ, మగ ఎన్నెన్ని ఉన్నాయన్నది సంఖ్య కంటే ముఖ్యం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. గినీ పిగ్‌ల విషయంలో రెండు మగవి చాలావరకు ఇముడుతాయి, మూడోది వస్తేనే ఒర చీలుతుంది. సర్దుకుపోయి బతుకుతున్న రెండు మగవాటి మధ్యకు మరొక మగదాన్ని దింపడం చేతులారా కొట్లాట తెచ్చుకోవడమే. ఆడవి తమలో తాము సర్దుకుపోవడం ఎక్కువ. వృషణాలు తొలగించిన ఒక మగది, రెండు మూడు ఆడవి ఉన్న గుంపు అన్నిటికంటే ప్రశాంతంగా సాగుతుంది. శస్త్రచికిత్స అయిన వెంటనే ఆ మగదాన్ని ఆడవాటితో కలపకూడదు. సుమారు ఆరు వారాల వరకు దానికి పిల్లలు పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది.

‘రెండూ ఆడవే’ అని ఇచ్చినవారు చెప్పిన మాటను నమ్మి తెచ్చుకుని, తీరా ఈనిన తర్వాత తెలుసుకునేవారు తక్కువేమీ కాదు. మగపిల్ల మూడు వారాలకే పిల్లలు పుట్టించగలదు, ఆడపిల్ల నాలుగు వారాలకే చూలు కట్టగలదు. చూలు 59 నుంచి 72 రోజులు. ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. మగది పక్కనే ఉంటే పాలిస్తూనే మరో చూలు మోయాలి. ఇక ఆరేడు నెలల వయసు దాటేవరకు ఈనని ఆడదానికి కటి ఎముకల మధ్య కీలు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత మొదటి ఈత వస్తే పిల్ల బయటికి రాలేక తల్లి ప్రాణానికే ముప్పు. తెల్ల వెంట్రుకలు కలగలిసిన రోన్ రంగువాటిని రెండింటిని జత కలిపితే, ప్రతి పిల్లా కళ్లు, పళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. కళ్లు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుట్టి, మర్నాటికే గడ్డి కొరికే పిల్లలు ఎంత ముద్దొచ్చినా, ఇంట్లో ఈనించి గుంపు పెంచుకోవడాన్ని నేను సమర్థించలేను. పెంచేవారు లేక ఎదురుచూస్తున్న పిల్లలు ఇప్పటికే ఎక్కువ.

చోటు సంగతి త్వరగా తేలిపోతుంది. రెండింటికి కనీసం 7.5 చదరపు అడుగులు, నాలుగింటికి దాదాపు 13 ఉండాలని సాధారణంగా చెబుతారు. అది నేల కొలత. మేడ మీద మేడ కట్టిన బోనులో అంతస్తులన్నీ కలిపి లెక్క చెప్పుకోవడం మనల్ని మనం మోసగించుకోవడం. ఇవి ఎక్కే జంతువులు కావు, పరుగెత్తే జంతువులు.

చోటు దొరికినా, డబ్బు ఉన్నా దాటలేని హద్దు ఇంకొకటి ఉంది. అది మన చూపు. వేటకు గురయ్యే జంతువు కాబట్టి గినీ పిగ్ జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. మా ఇంట్లో ప్రతి ఆదివారం మూడింటినీ ఒక్కొక్కటిగా తూకం గిన్నెలో కూర్చోబెట్టి, గ్రాములు పుస్తకంలో రాస్తాను. నిరుడు ఒక వారం గోధుమరంగుది 40 గ్రాములు తగ్గింది. గడ్డి దగ్గరే ఉంటోంది, మిగతావాటితో పాటు పరుగెత్తుకొస్తోంది, చూడబోతే ఏ లోపమూ లేదు. ఆ సాయంత్రం దాని పక్కనే నేల మీద కూర్చుని చూశాను. పోచను నోట్లోకి లాక్కుంటోంది, దవడ ఆడిస్తోంది, కాసేపటికి ఆ పోచ నలిగి తడిసి కింద పడుతోంది. మింగడం లేదు. దవడ పళ్లు లోపలికి పెరిగి నాలుకను నొక్కేస్తున్నాయని వైద్యుడు చెప్పాడు. ఇవి జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్లు. ఒక పూట గడ్డి కడుపులో పడకపోయినా పేగుల కదలిక మందగిస్తుంది, రోజు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రోజు నేను గమనించగలిగింది మూడే ఉన్నందువల్ల. మూడింటిలో ఏది ఎలా నములుతుందో, ఏ మూల ఎవరి పెంటికలు పడతాయో నాకు కంఠస్థం. పెంటికలు చిన్నవై, తోక వచ్చినట్టు సాగితే ఎవరివో గంటలో తేలుతుంది. ఆరు ఉన్న బోనులో గిన్నె ఎప్పుడూ ఖాళీ అవుతుంది, గడ్డి ఎప్పుడూ తరుగుతుంది. తిననిదాని వాటా తక్కినవి తినేస్తాయి. ఆ ఖాళీ గిన్నె చూసి మనం నిశ్చింతగా పడుకుంటాం. కాబట్టి నాలుగోదాన్ని తేవాలనుకునేవారికి నా సూటి ప్రశ్న ఇదే: ఉన్న మూడింటి కిందటి నెల బరువులు చెప్పగలరా? చెప్పలేకపోతే గుంపు ఇప్పటికే మీ చూపును దాటిపోయింది.

ఖర్చులో కూడా గడ్డి, పెల్లెట్లు (గుళికలుగా చేసిన మేత) లెక్క కాదు. మనుషుల్లాగే వీటి ఒంట్లోనూ సి విటమిన్ తయారు కాదు, రోజూ తిండిలో అందకపోతే స్కర్వీ అనే లోపజబ్బు వస్తుంది. అది ఆకుకూరతో, క్యాప్సికంతో తీరే అవసరం. తీరనిది వైద్యం. మామూలుగా వాడే పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పేగులకు విషంతో సమానం. ఆ సంగతి తెలిసిన వైద్యుడు అందుబాటులో ఉండాలి. రెండింటికి ఒకేసారి జబ్బు చేసినా చూపించగల స్తోమత ఉండాలి.

ఇవన్నీ దాటి తెచ్చుకోవాలని తేల్చుకుంటే, కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచాలి. తామర, గజ్జి పురుగులు మొదటి రోజు కనిపించవు. ముందు పాతవాటికి మేత వేసి, చివరగా కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. కలిపేటప్పుడు ఎవరి సొంతమూ కాని చోట కలపాలి. గూళ్లకు రెండు ద్వారాలు ఉండాలి, ఒక్క ద్వారమున్న గూటిలో చిక్కుకున్నది కరుస్తుంది. గుర్రుమంటూ నడుము ఊపడం, తరమడం, ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం పెద్దరికం తేల్చుకునే తీరు. అంతమాత్రానికే భయపడి విడదీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పళ్లు కటకటలాడిస్తూ, మెడ బొచ్చు నిక్కబొడుచుకుని, తలలు ఎత్తి ఎదురెదురుగా నిలబడితే మాత్రం విడదీయడానికి మందమైన తువ్వాలు చేతిలో ఉంచుకోవాలి. రక్తం కనిపిస్తే ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోవాలి. అప్పుడు ఇంట్లో రెండు బోనులు, రెండు గుంపులు, బహుశా వాటి బతుకంతా. రెండో బోనుకు చోటు లేని ఇంట్లో నాలుగోదానికి చోటు లేనట్టే లెక్క. కుదరకపోతే తిరిగి ఇచ్చేస్తామనే మాట నాకు మింగుడుపడదు.

ఇవి అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. జతలో ఒకటి పోయినప్పుడు మిగిలినదానికి తోడుగా చిన్నపిల్లను తేవడం పరిపాటి. ముసలిదానికి ఆ పిల్ల పరుగులు మోయలేని బరువవుతాయి, మూడేళ్లు తిరగకముందే ఆ పిల్ల ఒంటరి అవుతుంది, మళ్లీ ఇంకొకటి రావాలి. దానికి బదులు ముసలిదాని ఈడుదాన్నే తెచ్చుకోవచ్చు. పెంచలేక వదిలేసిన వాటిలో నాలుగైదేళ్లవి ఉంటాయి, వాటిని అడిగేవారు తక్కువ.

మా గోధుమరంగుదానికి ఇప్పుడు ఆరేళ్లు నడుస్తున్నాయి. ఆరు వారాలకొకసారి పళ్లు అరగదీయించాలి. మిగతా రెండూ దాని వెనుకే నడుస్తాయి, అది పడుకున్న గుడ్డ మీదే పడుకుంటాయి. ఈ ఏడాది మా ఇంటికి నాలుగోది రాదు. గోధుమరంగుది పోయిన తర్వాత మిగిలిన రెండూ కలిసి తింటుంటే అప్పుడూ రాదు. వాటిలో ఒకటి మిగిలిన రోజున, దాని వయసుదే ఎక్కడుందో వెతుక్కుంటూ బయలుదేరతాను.