బ్రూక్లిన్ 1944: యుద్ధం ఖాతాలో రాసేసిన ఓటమి

1944 సీజన్‌లో న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ 63 మ్యాచ్‌లు గెలిచి 91 ఓడింది. ఎనిమిది జట్ల నేషనల్ లీగ్‌లో ఏడో స్థానం. అగ్రస్థానంలో నిలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 42 మ్యాచ్‌ల దూరం. మధ్యలో వరుసగా 16 ఓటములు, క్లబ్ చరిత్రలో ఇప్పటికీ అదే చెత్త రికార్డు. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో మనవాళ్లు కూడా టికెట్లు కొనుక్కుని వెళ్లి చూసే డాడ్జర్స్ ఈ క్లబ్బే. అంతకు రెండేళ్ల ముందు, 1942లో, ఇదే జట్టు 104 మ్యాచ్‌లు గెలిచింది.

ఇంతలో ఏమైందంటే ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తారు: యుద్ధం. ఆటగాళ్లు సైన్యానికి వెళ్లారు, మిగిలినవాళ్లు ఆడి ఓడారు. అబద్ధమేమీ కాదు. షార్ట్‌స్టాప్ పీ వీ రీస్, సెకండ్ బేస్ బిల్లీ హెర్మన్, పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు) హ్యూ కేసీ నేవీలో ఉన్నారు. పీట్ రైజర్, పిచర్ కిర్బీ హిగ్బీ ఆర్మీలో ఉన్నారు. ఏ జట్టయినా కుదేలవుతుంది. కాకపోతే యుద్ధం బ్రూక్లిన్ ఒక్కదానికే రాలేదు. రెండు మేజర్ లీగుల్లోని పదహారు జట్లకూ వచ్చింది. అదే ఏడాది కార్డినల్స్ 105 గెలిచింది. కాబట్టి అసలు అడగాల్సింది ఎవరు వెళ్లిపోయారని కాదు, వెళ్లినవాళ్ల చోటు ఎవరితో నింపారని.

బేస్‌బాల్ ఆగిపోవాల్సిన అవసరం లేదని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 జనవరిలోనే మేజర్ లీగులకు పెద్ద అయిన కమిషనర్ లాండిస్‌కు ఉత్తరం రాశాడు. దేశానికి వినోదం కావాలి, కానీ సైన్యంలో చేరే వయసున్న ఆటగాళ్లకు మినహాయింపు మాత్రం లేదు. రైళ్ల మీద భారం తగ్గించడానికి జట్లు దక్షిణాది ఎండల్లో ప్రాక్టీసు మానుకున్నాయి. డాడ్జర్స్ ఫ్లోరిడా, క్యూబా వదిలేసి న్యూయార్క్‌కు ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డునున్న బేర్ మౌంటెన్‌లో మకాం పెట్టింది. అక్కడ వసంతమంటే మంచు. వాతావరణం బాగాలేని రోజు దగ్గర్లోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ షెడ్డు కింద, అంటే ఇండోర్‌లో, బంతి పట్టుకునేవారు.

సీజన్ మొదలైన కొద్ది రోజులకే, ఏప్రిల్ 30న, పొరుగు జట్టు న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 26-8 తేడాతో చిత్తయ్యారు. జెయింట్స్ ఆటగాడు ఫిల్ వైన్‌ట్రాబ్ ఒక్కడే 11 పరుగులు రాబట్టాడు. బేస్‌బాల్‌లో మొత్తం జట్టు నాలుగైదు పరుగులు చేస్తేనే మంచి రోజు అనుకుంటారు, అలాంటిది ఇది. ఆ ఏడాది డాడ్జర్స్‌ను ముంచింది బ్యాటింగ్ కాదు, పిచింగ్. బ్యాటింగ్‌లో డిక్సీ వాకర్ .357 సగటుతో (అంటే వెయ్యి ప్రయత్నాలకు 357 హిట్లు) లీగ్ మొత్తానికే మొదటివాడు. బంతి వేసేవాళ్లలో మాత్రం ఒకవైపు నలభై ఏళ్ల కర్ట్ డేవిస్, ఇంకోవైపు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. మధ్య వయసు మొత్తం ఖాళీ.

ఈ ఖాళీకి యుద్ధం ఎంత కారణమో, పాత యాజమాన్యం పద్ధతి కూడా అంతే కారణం. 1941లో లీగ్ గెలిచిన జట్టును అప్పట్లో క్లబ్ నడిపిన లారీ మెక్‌ఫెయిల్ కట్టిన తీరే వేరు: బయట తయారైన ఆటగాళ్లను కొనడం, మార్పిడి చేసుకోవడం. టైటిల్ త్వరగా వస్తుంది, కానీ కింద నుంచి ఎదిగి వచ్చేవాళ్లు తక్కువ. 1942 చివర్లో మెక్‌ఫెయిల్ ఆర్మీలో చేరిపోయాక ఆ కుర్చీలోకి బ్రాంచ్ రికీ వచ్చాడు. ఎక్కడినుంచి? కార్డినల్స్ నుంచే. చిన్న ఊళ్ల జట్లను క్లబ్ చేతిలో ఉంచుకుని, వందలమంది కుర్రాళ్లను చవగ్గా తయారుచేసే వ్యవస్థను అక్కడ ఏళ్ల తరబడి నిర్మించింది ఆయనే. మేటి బ్యాటర్ స్టాన్ మ్యూజియల్ లాంటివాళ్లు అందులోంచి వచ్చినవాళ్లే. పైగా మ్యూజియల్‌కు 1945 దాకా సైన్యం పిలుపు రాలేదు, అది కార్డినల్స్ అదృష్టం. మొత్తమ్మీద 1944లో రికీని 42 మ్యాచ్‌ల తేడాతో ఓడించింది రికీ వేసిన పంటే.

బ్రూక్లిన్‌లోనూ అదే పంట వేయడం మొదలుపెట్టాడు. లీగే ఆగిపోవచ్చన్న భయంతో చాలా క్లబ్బులు కొత్తవాళ్ల వేటకు పెట్టే ఖర్చు తగ్గించుకుంటున్న రోజులవి. రికీ మాత్రం పెంచాడు. హైస్కూల్ కోచ్‌లకు వేల ఉత్తరాలు వెళ్లాయి. సంతకం పెట్టిన కుర్రాడు రేపో మాపో సైన్యానికి పోతాడు, అయినా తిరిగొచ్చాక మనవాడే అన్నది ఆయన లెక్క. గిల్ హాడ్జెస్ 1943లో ఒక్క మ్యాచ్ ఆడి మెరైన్స్‌లో చేరాడు. డ్యూక్ స్నైడర్ ఇలాగే దొరికి నేవీకి వెళ్లాడు. పద్దెనిమిదేళ్లకు 1944లో తొలి మ్యాచ్ ఆడిన రాల్ఫ్ బ్రాంకా 1947లో 21 విజయాలు సాధించాడు. వ్యాపారంగా చూస్తే తిరుగులేని నిర్ణయం. కాకపోతే ఆ రెండు మూడేళ్లూ మైదానానికి వచ్చి టికెట్ కొన్న జనానికి ఎవరూ డబ్బు వెనక్కివ్వలేదు. 1944లో వచ్చినవాళ్లు సుమారు 6 లక్షలు. 1946లో దాదాపు 18 లక్షలు. విత్తనం ఖర్చు ఒకరిది, కోత ఇంకొకరిది.

ఇక్కడిదాకా రికీని మెచ్చుకోవచ్చు. 1944 ఆగస్టు మొదటి వారం దగ్గర మెచ్చుకోలు ఆగిపోతుంది.

ఆగస్టు 3న డాడ్జర్స్ షార్ట్‌స్టాప్‌గా టామీ బ్రౌన్‌ను దింపింది. వయసు పదహారు. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడి మెరుపులా వచ్చే బంతుల్ని ఆపే చోటది, పెద్దవాళ్లకే చెమటలు పడతాయి. మొదటి మ్యాచ్‌లో ఒక డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు, ఆ ఏడాది మొత్తం సగటు మాత్రం .164. తర్వాతి ఏడాది పదిహేడేళ్లకే హోమ్ రన్ కొట్టాడు. హోమ్ రన్ కొట్టినవాళ్లకు స్పాన్సర్ ఇచ్చే సిగరెట్ డబ్బాలను, నీకింకా వయసు రాలేదంటూ మేనేజర్ లియో డ్యురోషర్ తీసేసుకున్నాడని చెప్పుకుంటారు. కుర్రాడి తప్పేమీ లేదు పాపం, ఆడమన్నారు, ఆడాడు.

దానికి ఒక్కరోజు ముందు, ఆగస్టు 2న, టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్‌లో సైనిక కోర్టు ఒక నల్లజాతి లెఫ్టినెంట్‌ను నిర్దోషిగా వదిలేసింది. బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే వెళ్లనన్నందుకు మొదలైన గొడవలో పెట్టిన కేసది. ఆయన పేరు జాకీ రాబిన్సన్, వయసు 25. ఆ నవంబర్‌లో సైన్యం నుంచి బయటికొచ్చి, 1945లో నల్ల ఆటగాళ్లకు వేరుగా నడిచిన నీగ్రో లీగుల్లో కాన్సస్ సిటీ మోనార్క్స్ తరఫున ఆడాడు. ఎక్కడ? షార్ట్‌స్టాప్‌గానే.

ఆటగాళ్ల కొరత అన్నమాట నాకు మింగుడుపడనిది ఇందుకే. నీగ్రో లీగుల మేటి బ్యాటర్ జాష్ గిబ్సన్ 1944లో హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున ఆడుతున్నాడు, అక్కడి మేటి పిచర్ సాచెల్ పేజ్ బంతులు వేస్తూనే ఉన్నాడు. నల్లవాళ్లను తీసుకోకూడదన్న రూలేదీ లేదని లాండిస్ 1942లోనే ప్రకటించాడు. రూలు లేదు, మేజర్ లీగుల్లో ఒక్క నల్ల ఆటగాడూ లేడు. సిన్సినాటి రెడ్స్ పదిహేనేళ్ల జో నక్స్‌హాల్ చేత బంతి వేయించింది. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ 1945లో ఒక చెయ్యే ఉన్న పీట్ గ్రేను ఆడించింది. వయసు చూడలేదు, చెయ్యి చూడలేదు, రంగు మాత్రం చూశారు.

రికీ సంగతి ఇంకా ఇబ్బందికరం. నల్ల ఆటగాళ్లను వెతకడానికి 1943లోనే క్లబ్ వెనకున్న బ్యాంకు పెద్దతో మాట్లాడి ఒప్పించాడాయన. అంటే తలుపు ఎక్కడుందో తెలుసు. లాండిస్ అడ్డు, వాటాదార్ల భయం, జనం ఏమంటారోనన్న టెన్షన్, అన్నీ ఉన్నాయి. రాబిన్సన్‌తో ఒప్పందం ప్రకటించింది 1945 అక్టోబర్‌లో, లాండిస్ చనిపోయిన పదకొండు నెలలకు. సంస్కర్తగా ఆయనకు దక్కాల్సిన కీర్తి దక్కింది. ఆలస్యానికి కూడా ఆయన్నే అడగాలి కదా.

1946లో డాడ్జర్స్ కార్డినల్స్‌తో సమానంగా నిలిచి ప్లేఆఫ్‌లో ఓడింది. 1947లో రాబిన్సన్ ఫస్ట్ బేస్‌లో ఉండగా లీగ్ గెలిచింది. 1944 చీకట్లో ఒకే ఒక్క వెలుగు అనిపించుకున్న డిక్సీ వాకర్, రాబిన్సన్‌తో కలిసి ఆడలేనని, తనను వేరే జట్టుకు పంపమని రికీకి ఉత్తరం రాశాడు. ఆ సీజనంతా ఆడించి, డిసెంబర్‌లో రికీ అతన్ని పిట్స్‌బర్గ్‌కు పంపేశాడు. ఆ మార్పిడిలో వచ్చిన ప్రీచర్ రో, బిల్లీ కాక్స్ తర్వాత చాలా ఏళ్లు రాబిన్సన్ పక్కన ఆడారు.